ముక్కలు చేసినవాడు ఎక్కడ?

దేశ రాజధానిలో ఎన్నికలు దగ్గరపడితే నాయకులకు ముందుగా గుర్తుకొచ్చేవి అనధికార కాలనీలు. 2008 అక్టోబరులో, శాసనసభ ఎన్నికలకు రెండు నెలలైనా గడువు లేని వేళ, షీలా దీక్షిత్ ప్రభుత్వం 1,200కు పైగా కాలనీలకు తాత్కాలిక ధ్రువపత్రాలు పంచింది. 2019 డిసెంబరులో, ఎన్నికలు రెండు నెలల్లో ఉన్నాయనగా, నరేంద్ర మోదీ ప్రభుత్వం 1,731 కాలనీల నివాసులకు ఆస్తి హక్కు కల్పించే బిల్లును పార్లమెంటులో ఆమోదింపజేసింది. పార్టీలు వేరైనా పంచాంగం ఒక్కటే.

ఈ కాలనీలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1957లో ఏర్పడిన ఢిల్లీ అభివృద్ధి సంస్థ భూసేకరణను, ప్లాట్ల కేటాయింపును తన గుప్పిట్లో పెట్టుకున్నది కానీ, వలస వచ్చిన జనానికి సరిపడా ఇళ్లను మాత్రం అందించలేకపోయింది. మరోవైపు, 1954 నాటి ఢిల్లీ భూసంస్కరణల చట్టం, అమ్మేవాడి చేతిలో ఎనిమిది ఎకరాల కన్నా తక్కువ మిగిలేలా పొలాన్ని ముక్కలు చేసి విక్రయించడాన్ని నిషేధించింది. అవసరం ఒకవైపు, నిషేధం మరొకవైపు ఉన్నచోట దళారీ పుట్టడం సహజం. అతడు రైతు దగ్గర ఎకరాల లెక్కన కొని, సున్నపు గీతలు గీసి, గజాల లెక్కన అమ్మాడు. బడికి, పార్కుకు, మురుగు కాలువకు వదలవలసిన నేల కూడా ప్లాట్లుగా మారి అతని లాభంలో కలిసిపోయింది. కొన్నవాడికి దక్కినవి ఒక జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఒక అగ్రిమెంటు, ఒక వీలునామా. వీటివల్ల యాజమాన్యం బదిలీ కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఎనిమిదేళ్ల తర్వాత పార్లమెంటు ఆ కాగితాల ఆధారంగానే హక్కును గుర్తించింది.

జీవితకాలపు పొదుపును యాభై గజాల్లో పోసిన కార్మికుడికి హక్కు దక్కడాన్ని నేను తప్పుపట్టను. సైనిక్ ఫామ్స్ వంటి 69 సంపన్న కాలనీలను ఈ పథకం నుంచి మినహాయించడమూ సబబే. నా అభ్యంతరమల్లా ఒక్కటే. కొన్నవాడు మొదట ధర చెల్లించాడు, తర్వాత క్రమబద్ధీకరణ రుసుము చెల్లిస్తున్నాడు. కాలువలు, మంచినీటి గొట్టాలు ప్రజాధనంతో వేస్తున్నారు. ముక్కలు చేసి సొమ్ము చేసుకున్నవాడు మాత్రం ఏ పద్దులోనూ కనిపించడు. అప్పటికే అతడు పక్క ఊరి పొలంలో సున్నం చల్లుతూ ఉంటాడు.

విభజన నేలతో ఆగదు, పైకి కూడా సాగుతుంది. ఢిల్లీకి వచ్చిన కొత్తలో నేను యమునకు అవతలి గట్టున ఒక గదిలో అద్దెకుండేవాణ్ని. యాభై గజాల స్థలంలో నాలుగు అంతస్తులు, అంతస్తుకు మూడు గదులు. కిటికీలోంచి చేయి చాస్తే ఎదురింటి గోడ తగిలేది. ఇంటి యజమాని ఏనాడూ రశీదు ఇవ్వలేదు. ఓటరు జాబితాలో చేరడానికి చిరునామా రుజువు అడిగినందుకు గది ఖాళీ చేయమన్నాడు. అద్దెదారు రాజకీయాలకు ఎందుకు కనిపించడో నాకు ఆ రోజు అర్థమైంది.

ఆ తర్వాత 2010 నవంబరులో, అదే తూర్పు ఢిల్లీలోని లలితా పార్కులో గదులు గదులుగా అద్దెకిచ్చిన ఒక భవనం కూలి సుమారు 70 మంది మరణించారు. 2024 జులైలో ఓల్డ్ రాజేంద్రనగర్‌లో, గ్రంథాలయంగా వాడుకుంటున్న ఒక సెల్లారులోకి వరదనీరు చొరబడి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు బలయ్యారు. అనుమతి ఒకదానికి, ఆదాయం మరొకదానితో. ఇక చట్టమంటారా? 1958 నాటి ఢిల్లీ అద్దె నియంత్రణ చట్టం నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు వర్తించదు. దాని స్థానంలో 1995లో చేసిన చట్టం అమలులోకే రాలేదు.

మన తెలుగు నేల మీద కథ వేరేమీ కాదు. తెలంగాణలో 2020 ఆగస్టులో ఎల్ఆర్ఎస్ ప్రకటించగానే దాదాపు పాతిక లక్షల దరఖాస్తులు వచ్చిపడ్డాయి. ప్రతిపక్షంలో ఉండగా ఉచితంగా చేయాలని కోరిన కాంగ్రెస్, అధికారంలోకి వచ్చాక 2025లో 25 శాతం రాయితీ ప్రకటించి రుసుము వసూలు చేసింది. రెండు ప్రభుత్వాలూ చేయి చాచింది ప్రధానంగా ప్లాటు కొన్న మధ్యతరగతి మనిషి ముందే. అనుమతి లేని వెంచర్‌కు రంగుల జెండాలు పాతినప్పుడు ఏ అధికారి ఎక్కడున్నాడని ఎవరూ అడగలేదు.

క్రమబద్ధీకరణ తప్పనిసరి అయినచోట రెండు షరతులు ఉండాలి. ఒకటి, మొదటి విక్రేతను గుర్తించి, వదలని రోడ్డుకు, పార్కుకు పరిహారం అతని నుంచి రాబట్టాలి. భూమి రికార్డుల్లో అతని పేరు దొరకకుండా పోదు. వెతకాలన్న సంకల్పమే దొరకడం లేదు. రెండు, హక్కు పత్రం పొందే ప్రతి అద్దె ఇంటికీ భద్రతా తనిఖీ, రాతపూర్వక అద్దె ఒప్పందం తప్పనిసరి చేయాలి. ఈ రెండూ లేని క్రమబద్ధీకరణ తర్వాతి దళారీకి ముందుగా ఇచ్చిన హామీ అవుతుంది. వచ్చే ఎన్నికల నాటికి మరికొన్ని పొలాల్లో గీతలు పడతాయి, వాటిని చెరిపే ధైర్యం మళ్లీ ఎవరికీ ఉండదు.