ప్రసార కేంద్రాల్లో అడుగంటుతున్న అనుభవం

ఆకాశవాణి విజయవాడ కేంద్రం మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద వినిపిస్తుంది. మీడియం వేవ్‌లో యాంటెన్నాను టవరు మీద బిగించరు, మాస్టే యాంటెన్నా. పింగాణీ ఇన్సులేటరు మీద నిలబడిన ఆ ఉక్కు నిర్మాణంలో ప్రసారం సాగినంతసేపూ ప్రమాదకరమైన వోల్టేజి ఉంటుంది. నేల మీద నిలబడి దాన్ని తాకితే ఒళ్లు కాలుతుంది. దాని చుట్టూ భూమిలో బండిచక్రం ఆకుల్లా రాగి తీగలు పరిచి ఉంటాయి. అవి చిలుము పట్టి తెగినా, దొంగల పాలైనా ప్రసారం ఆగదు, బలహీనపడుతుంది. దూరపు పల్లెలకు కేంద్రం అందకుండా పోతుంది. స్టూడియోలో కూర్చున్నవారికి ఆ సంగతి తెలియదు. ఎక్కడ ఏది కొలవాలో ఎరిగిన ఇంజినీరే దాన్ని పసిగట్టగలడు.

అటువంటి ఇంజినీర్లు ఒక్కొక్కరే పదవీ విరమణ చేస్తున్నారు. నియామకాలు ఏళ్లుగా అరకొరగా సాగడంతో, వారి పక్కన ఉండి పని నేర్చుకోవలసిన తరం పలచబడింది. ప్రైవేటు ఎఫ్‌ఎం, టీవీ సంస్థలది మరో చిక్కు. ఒకచోట దొర్లిన పొరపాటు పోటీ సంస్థ చెవిన పడకూడదని దాచుకుంటే, అదే పొరపాటు మరోచోట జరుగుతుంది.

ఇది చిన్న విషయం కాదు. 2013 ఫిబ్రవరిలో అమెరికాలోని మోంటానాలో ఒక టీవీ కేంద్రం అత్యవసర హెచ్చరికల వ్యవస్థలోకి ఆగంతకులు చొరబడ్డారు. చచ్చినవాళ్లు లేచి వస్తున్నారని హెచ్చరిక ప్రసారం చేశారు. తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చకపోవడమే అందుకు కారణం. అదే పద్ధతిలో తుపాను రాత్రి ఒక తప్పుడు కబురు వెలువడితే? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడ్డాక విశాఖలో కరెంటు లేదు, సెల్‌ఫోన్లు పలకలేదు. అలాంటప్పుడు బ్యాటరీ రేడియోలో వినిపించే మాటే జనానికి దిక్కు. 1977లో దివిసీమను మింగిన ఉప్పెనను ఎరిగిన నేల మనది. ఆ మాట విలువ మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ ప్రమాదాన్ని యాజమాన్యాలు మాత్రమే తప్పించలేవు. సంస్థల గోడలు దాటి ఇంజినీర్లు కలుసుకునే వేదిక కావాలి. అమెరికాలో 1964లో ఏర్పడిన ప్రసార ఇంజినీర్ల సంఘం పరీక్షలు పెట్టి అర్హతా పత్రాలిస్తోంది. వాటి గడువు అయిదేళ్లు, ఆ తర్వాత పునరుద్ధరించుకోవాలి. నిన్నటి చదువు నేటి యంత్రానికి చాలదన్న ఎరుక ఆ నిబంధనలో ఉంది. మన దేశంలోనూ 1987 నుంచి బ్రాడ్‌కాస్ట్ ఇంజినీరింగ్ సొసైటీ ఉంది. ఢిల్లీలో అది నిర్వహించే ప్రదర్శనకు మంచి పేరుంది. కానీ కొత్త పరికరాలు చూసి రావడంతో పాత మాస్టును కాపాడే విద్య అబ్బదు. కడప కేంద్రంలో ఉన్న కుర్ర ఇంజినీరు అర్ధరాత్రి ఫోను చేసి అడగదగిన పెద్దలు సొసైటీలో ఉండాలి. లోపాలను పేర్లు లేకుండా నమోదు చేసి అందరికీ పంపే ఏర్పాటు ఉండాలి. ప్రసార భారతి, ప్రైవేటు సంస్థలు తమ ఇంజినీర్ల సభ్యత్వ రుసుము తామే కట్టి, సమావేశాలకు డ్యూటీ మీద పంపాలి. విరమణ చేసినవారి అనుభవాన్ని రాయించి భద్రపరిచే పని మాత్రం వచ్చే తుపానుల కాలానికి ముందే మొదలు కావాలి.