ఏ కంపెనీ?

హైదరాబాద్‌లో ఎవరైనా ‘కంపెనీలో జాబ్ వచ్చింది’ అంటే వెంటనే ‘ఏ కంపెనీ?’ అని అడుగుతాం. గోదావరిఖనిలో ఇదే అడిగి చూడండి, మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు. అక్కడ కంపెనీ అంటే ఒక్కటే, సింగరేణి. కంపెనీ క్వార్టర్, కంపెనీ దవాఖాన, కంపెనీ బడి. ‘మా నాయన కంపెనీల చేసిండు’ అంటే సింగరేణిల నౌకరి చేసిండని. మందమర్రి, బెల్లంపల్లి దాకా ఇదే లెక్క. రామగుండంలో ఉన్న ఎన్టీపీసీ కూడా చట్టం ప్రకారం కంపెనీయే. కానీ దాన్ని ఎవరూ ‘కంపెనీ’ అని పిలవరు. ముందొచ్చినోళ్లదే పేరు మరి!

సింగరేణి 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీగా మొదలైంది. 1920లో ఇప్పటి పేరు వచ్చింది. 1945లో నిజాం సర్కారు చేతికి పోయింది. ఇప్పుడు రాష్ట్రానిది 51 శాతం, కేంద్రానిది 49 శాతం. ఓనర్లు మారిండ్రు, మాట మారలేదు. అందుకే బొగ్గుబాయిల ఊళ్లల్లో ‘కంపెనీ జాబ్’ అంటే ప్రైవేట్ జాబ్ కాదు. పిల్లనిచ్చేటోళ్లు ఇంకో ప్రశ్న అడగని జాబ్.

అసలు ఈ మాట పుట్టింది లాటిన్‌లో. ‘కామ్’ అంటే కలిసి, ‘పానిస్’ అంటే రొట్టె. కలిసి రొట్టె తినేటోళ్లు అన్నమాట. ఇంగ్లీషులో తోడును కూడా కంపెనీ అనేది అందుకే. మనోళ్లు ఈ అర్థాన్ని భలే పట్టుకున్నారు. ‘నేను తాగనన్నా’ అన్నోణ్ని ‘తాగకురా, జర కంపెనీ ఇయ్యి’ అని కూర్చోబెడతారు. వాడికి దక్కేది ప్లేటు పల్లీలు, చివరికి అందర్నీ ఇంటికాడ దింపే డ్యూటీ. ఎన్నికలప్పుడు ‘కేంద్ర బలగాల కంపెనీలు దిగాయి’ అని వార్తలొస్తాయి చూడండి, అక్కడ కంపెనీ అంటే సుమారు వంద మంది జవాన్ల దళం.

ఆదిలాబాద్ పత్తి చేన్లకాడ ఇదే మాటకు ‘అసలుది’ అని అర్థం. కంపెనీ విత్తనం అంటే పేరు, లాట్ నంబరు, బిల్లు ఉన్న ప్యాకెట్. రెండోది లూజు. గడ్డిమందు కొట్టినా తట్టుకునే పత్తి అని చెప్పి చాటుగా అమ్ముతారు. ఆ రకానికి మన దేశంలో అనుమతే లేదు. అది మొలవకపోతే రైతు ఎవరిని అడగాలి? చూపించడానికి కాగితం ముక్క ఉండదు.

నాకనిపించేది ఏంటంటే, గనికాడైనా చేనుకాడైనా మనం ‘కంపెనీ’ అన్నప్పుడు మనసులో ఉన్న అర్థం ఒక్కటే: రేపు ఏమన్నా అయితే అడగడానికి ఒకరున్నారు. సింగరేణి లాంటిది వందేళ్లకు పైగా కళ్లముందు ఉంటే ఆ నమ్మకం రాక ఏమైతది?

ఈ నమ్మకాన్నే ఇంకోచోట రేటు కట్టి అమ్ముతున్నారు. జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫ్ వీసాల పేర్లు అందరికీ తెలుసు. హౌస్ వీసా అంటే ఒక ఇంటి యజమాని కింద డ్రైవరో, వంటమనిషో. ఆజాద్ వీసా అనేది అక్కడి చట్టంలోనే లేదు. పేరుకు ఒక కఫీల్ కింద పోయి బయట పని వెతుక్కోవడం, దొరికితే ఖల్లివెల్లి బతుకు. వీటి పక్కన కంపెనీ వీసా బంగారంలా కనిపిస్తది. రూము, తిండి, నెలనెలా జీతం, సెలవుకు టికెట్ అన్నీ ఉంటాయని లెక్క.

మొన్న మా బామ్మర్ది ఫోన్ చేసిండు. ‘బావా, దుబాయ్‌కి కంపెనీ వీసా వచ్చింది. ఏజెంట్ లక్షా ఇరవై వేలు అడుగుతుండు.’

‘ఏ కంపెనీరా?’

‘కంపెనీనే బావా!’

వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ పంపమన్నా. కంపెనీ పేరైతే ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న పని మాత్రం లేబర్ సప్లై. అంటే వీణ్ని తీసుకుని ఇంకో కంపెనీకి పనికి పంపుతుంది. సప్లై కంపెనీలన్నీ మోసమని నేననను, జీతాలు సక్కగా ఇచ్చేవీ ఉన్నాయి. కానీ పని దొరకని రోజుల్లో జీతం ఎవరిస్తారు? ఆ ముక్క లెటర్‌లో ఎక్కడా లేదు.

వీసా చేతిలో ఉన్నోళ్లు ఫోన్‌లోనే రెండు పనులు చేయొచ్చు. ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంట్ పేరు కొట్టి లైసెన్స్ ఉందో లేదో చూడండి. లైసెన్స్ ఉన్న ఏజెంట్ తీసుకోగలిగే సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. రాష్ట్ర సర్కారు నడిపే టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలు చూపిస్తది. దాని పూర్తి పేరు తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ. అవును, అదీ కంపెనీయే!

మా బామ్మర్ది ఏజెంట్‌ను లైసెన్స్ నంబర్ అడిగిండు. ‘కంపెనీ వీసా అని చెప్పినా కదా, ఇంకేం గావాలె?’ అన్నడట. పాస్‌పోర్టు ఇంకా ఆయన దగ్గరే ఉంది. రేపు పొద్దున ఇద్దరం పోయి తెచ్చుకుందామనుకుంటున్నాం.