మేకపాల చీజ్‌కు మర్యాద, బోటికి కంపా?

హైదరాబాద్ పెద్ద హోటళ్లల్ల మేకపాల చీజ్, తెల్ల వైన్ జతగా వడ్డిస్తరు. తోడుగా రెండు రొట్టె ముక్కలు, నాలుగు అక్రోట్లు, ఇంత తేనె. తినండి, నాకేం అభ్యంతరం లేదు. దాని పుట్టుక తెలుసుకొని తినండి.

ఫ్రాన్స్‌ల లువార్ నది పక్కన సాన్సేర్ అని ఒక కొండ ఊరు. దాని తెల్ల వైన్‌కు 1936ల, పక్కనే ఉన్న షవిన్యోల్ మేకపాల చీజ్‌కు 1976ల ఊరి పేరు మీదనే చట్టపరమైన గుర్తింపు వచ్చింది. ఫ్రెంచోళ్లు మేకను 'పేదోని ఆవు' అంటరు. పుల్లటి చీజ్‌కు పుల్లటి వైన్ కుదిరింది. ఒక్క నేలే రెండూ ఇచ్చింది కాబట్టి కలిపి తిన్నరు. ఇందుల రాచరికం ఏముంది?

నందికొండ చుట్టు మా ఊళ్లల్ల మేక ఉంది, తాటిచెట్టు ఉంది. పొద్దుగాల కల్లు తీపి, పొద్దెక్కినకొద్దీ పులుపు. ఆ పులుపుకు కారం బోటి, నల్ల వేపుడు, గుడాలు, ఒక ఉల్లిగడ్డ. ఇదీ జతే. దీనికి మెనూ కార్డు లేదు, తిట్లున్నయి.

బోటి కంపని ముక్కు మూసుకునేటోళ్లకు ఒక ముచ్చట. చీజ్ కోసం పాలు విరగాలంటే రెన్నెట్ కలుపుతరు. పాత పద్ధతిల అది పాలు తాగే పిల్ల కడుపు పొరలకెల్లి తీసేదే. వాళ్లది కడుపైతే రుచి, మాది కడుపైతే కంపు!

నాగార్జునకొండల దొరికిన ఇక్ష్వాకుల కాలం నాటి రాతి స్తంభం మీద తాగుడు కొమ్ము పట్టుకున్న గడ్డపాయన ఉన్నడు. గ్రీకుల మద్యదేవుని పోలికని పండితులు మురుస్తరు. రాయి తాగితే కళ, కూలోడు తాగితే తాగుబోతు. 2012 ఏప్రిల్‌ల ఉస్మానియాల పెద్దకూర పండుగ చేస్తే దాడులైనయి, టియర్ గ్యాస్ పేలింది. చీజ్ వైన్ విందు మీద ఎవడన్నా రాయి ఏసిండా?

కల్లుకు ఈ మధ్య కొంత గౌరవం దొరికింది. 2023ల హుస్సేన్‌సాగర్ గట్టున సర్కారు నీరా కేఫ్ తెరిచింది. మంచిదే. ప్రాణం పణంగ పెట్టి చెట్టెక్కే గీత కార్మికునికి నేను ఎదురు కాదు. కానీ కల్లు మండువల మాదిగోనికి, మాలోనికి ముంత వేరే పెట్టిన చరిత్ర ఆ కేఫ్ గోడ మీద ఎవరు రాస్తరు? మా ముసలోళ్లు దోసిలి పడితే పైనుంచి పోసిన్రు.

క్యాంపస్‌ల తెలంగాణ తిండి స్టాల్ పెట్టే తమ్ముళ్లు, చెల్లెండ్లూ, కల్లు కుండ బొమ్మ ఒక్కటి పెడితే ఒప్పుకోను. బోటి పెట్టండి, పెద్దకూర తునకలు పెట్టండి, వేరు ముంత సంగతి బోర్డు మీద పెద్దక్షరాలతో రాయండి.