నవలల కంటే ముందు ఫైళ్లు

స్వీడన్ నవలా రచయిత స్టీగ్ లార్సన్ పేరు చెప్పగానే చాలామందికి ఆయన నవలలోని, ఒంటిమీద డ్రాగన్ పచ్చబొట్టు పొడిపించుకున్న అమ్మాయి గుర్తొస్తుంది. ఆ కథతో 2011లో వచ్చిన హాలీవుడ్ సినిమా చూసినవాళ్లకు డేనియల్ క్రెయిగ్ కూడా గుర్తొస్తాడు. నాకు మాత్రం డెస్కులో కూర్చుని పటాలు గీస్తున్న మనిషి గుర్తొస్తాడు. స్వీడన్ జాతీయ వార్తాసంస్థ టీటీలో 1979 నుంచి 1999 దాకా ఆయన ఉద్యోగం అదే. వార్తల పక్కన వచ్చే పటాలు, గ్రాఫులు, పట్టికలు తయారుచేసేవారు. నేనూ ఒక తెలుగు దినపత్రికలో ఆ పనే చేసి రిటైరయ్యాను. ఆ పనిలో ఉన్నవాళ్ల పేరు పేపర్లో పడదు. కానీ ఊరిపేరు తప్పు పడినా, అంకె తారుమారైనా మొదట కనిపెట్టేది వాళ్లే. లార్సన్ నవలల్లో నాకు కనిపించేది ఆ చూపు.

పగలు టీటీలో పని, రాత్రి ఇంకో పని. స్వీడన్‌లోని నయా నాజీ ముఠాల మీద వచ్చిన ప్రతి కాగితాన్నీ ఆయన పోగుచేసేవారు. వాళ్ల కరపత్రాలు, కోర్టు తీర్పులు, ఎన్నికల్లో నిలబడ్డవాళ్ల పేర్లు, పేపర్లలో లోపలి పేజీల్లో పడ్డ చిన్న వార్తలు, అన్నీ. చిన్నప్పుడు ఉత్తర స్వీడన్‌లోని అడవి పల్లెలో, నోర్‌షో దగ్గర, అమ్మమ్మ తాతయ్యల దగ్గర పెరిగారు. తాతయ్యకు నాజీలంటే మంట. మనవడికి ఆ మంట అక్కడే అంటుకుంది. 1983 నుంచి లండన్‌లోని ‘సెర్చ్‌లైట్’ పత్రికకు స్వీడన్ వార్తలు రాశారు. 1991లో అనా-లేనా లోడేనియస్‌తో కలిసి ఆ ముఠాల చరిత్రను పుస్తకంగా తెచ్చారు. తలలు గొరిగించుకున్న కుర్రాళ్లు నలుగురు తాగి అల్లరి చేస్తున్నారులే అని దేశం అనుకుంటున్న రోజులవి. ఆ కుర్రాళ్ల వెనక డబ్బు ఎవరిది, ప్రెస్సు ఎవరిది, ఎవరు ఏ పేరు మార్చుకుని ఏ పార్టీలో తేలారు అన్నది ఆయన ఫైళ్లలో ఉంది.

1995లో మిత్రులతో కలిసి ‘ఎక్స్‌పో’ పత్రిక పెట్టారు. మరుసటి ఏడాదే దాన్ని అచ్చువేసినవాళ్ల మీద, అమ్మినవాళ్ల మీద దాడులు మొదలయ్యాయి. అప్పుడు జరిగినది ప్రతి జర్నలిజం విద్యార్థికీ చెప్పవలసిన సంగతి. ఒకరంటే ఒకరికి పడని రెండు పెద్ద సాయంకాల పత్రికలు, ఆఫ్టన్‌బ్లాడెట్, ఎక్స్‌ప్రెసెన్, ‘ఎక్స్‌పో’ సంచికను అనుబంధంగా అచ్చువేసి తమ పాఠకులందరికీ పంచాయి. బెదిరించి ఆపాలనుకున్న కాగితం లక్షల ఇళ్లకు చేరింది. పోటీ పత్రిక పేరు అచ్చులో రానివ్వడానికే ఇష్టపడని మన పేపర్ల మధ్య బతికినదాన్ని కాబట్టి ఈ ఘటనను నేను తేలిగ్గా తీసుకోలేను.

1999 మరీ ఘోరమైన ఏడాది. జూన్‌లో స్టాక్‌హోమ్ శివారు నాకాలో, నాజీల మీద రాస్తున్న ఒక జర్నలిస్టు కారు కింద బాంబు పెట్టారు. ఆయనా, ఎనిమిదేళ్ల కొడుకూ గాయపడ్డారు. అక్టోబర్‌లో బ్యోర్న్ సోడర్‌బెర్గ్ అనే గోదాము కార్మికుణ్ని ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపారు. తన పనిచోట యూనియన్ కమిటీలోకి ఎక్కిన వ్యక్తి నయా నాజీ అని పత్రికకు చెప్పడమే ఆయన చేసిన నేరం. లార్సన్‌కు కూడా చంపుతామని బెదిరింపులు వస్తూనే ఉన్నాయి. 1972లో ఉమియోలో, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించే సభలో పరిచయమైన ఎవా గాబ్రియెల్సన్‌తో ఆయన కలిసి బతికారు. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. పెళ్లి రికార్డుకెక్కితే చిరునామా ఎవరికైనా దొరుకుతుందన్న భయం కారణమని ఎవా చెప్పారు. స్వీడన్‌లో ప్రభుత్వ కాగితాలు పౌరులందరికీ తెరిచి ఉండాలన్న చట్టం 1766 నాటిది. లార్సన్ ఫైళ్లు నిండింది ఆ చట్టం పుణ్యానే. ఆయన ఇంటి తలుపు శత్రువులకు కనబడకుండా దాచుకోవలసి వచ్చిందీ ఆ చట్టం వల్లే.

ఇక నవలలు. మొదటి నవలలో మీకాయెల్ బ్లూమ్‌క్విస్ట్ పరువునష్టం కేసులో ఓడిపోయిన జర్నలిస్టు. రాసినదానికి చేతిలో రుజువు లేదు. కథ అక్కడ మొదలు కావడం నాకు చాలా ఇష్టం. తర్వాత అతను 1966లో మాయమైన హారియెట్ అనే అమ్మాయి జాడ వెతుకుతాడు. పోలీసులు, ఆమె చినతాత దశాబ్దాల పాటు వెతికినా తేలని కేసు. దాన్ని కదిలించేది ఏమిటో చూడండి. తుపాకీ కాదు, కంప్యూటర్ హ్యాకింగ్ కూడా కాదు. అమ్మాయి మాయమైన రోజున ఊళ్లో జరిగిన ఊరేగింపు ఫొటో లోకల్ పేపర్లో పడింది. బ్లూమ్‌క్విస్ట్ ఆ పేపరు ఆఫీసుకు వెళ్లి, అచ్చుకాని నెగెటివ్‌లు చూపించమని అడుగుతాడు. వాటిని వరసగా పెడితే, నవ్వుతూ నిలబడ్డ హారియెట్ మొహం మారిపోవడం తెలుస్తుంది. వీధికి అవతల ఎవరినో చూసింది. ఆమె వెనకనే ఇంకో స్త్రీ అటువైపే కెమెరా ఎక్కుపెట్టింది. ఆ ఫొటో కోసం బ్లూమ్‌క్విస్ట్ వెతుక్కుంటూ వెళ్లేది ఎక్కడికో కాదు, నోర్‌షోకే.

ఆ నెగెటివ్‌లను ఎవరో దాచబట్టి కదా! పేజీలో ఒక్క ఫొటోకే చోటుంది, మిగతావి పారేయలేదు. డెస్కులో పనిచేసినవాడికి తప్ప ఈ ఊహ రాదని నా గట్టి నమ్మకం.

ఆడవాళ్ల మీద హింస గురించి ఆయన వాదన కూడా కాగితాలను పక్కపక్కన పెట్టి చూడడంలోంచి వచ్చిందే. 2002 జనవరిలో ఫాదిమే షాహిందాల్ అనే కుర్దు యువతిని ఉప్సాలాలో కన్నతండ్రి కాల్చి చంపాడు. పరువు హత్య అన్నారు, వలసవచ్చినవాళ్ల సంస్కృతి అన్నారు. అంతకు ముందు ఏడాదే ఒక స్వీడిష్ యువతిని ఆమె ప్రియుడు చంపాడు. అప్పుడు సంస్కృతి మాట ఎవరూ ఎత్తలేదు. ఈ రెండు చావుల్ని లార్సన్ ఒకేచోట పెట్టి రాశారు. ఆడది తన మాట దాటకూడదన్న మగవాడి పట్టుదల రెండింటిలోనూ ఒకటే అన్నారు. మిర్యాలగూడలో 2018లో జరిగిన పరువు హత్య తర్వాత మన దగ్గర వచ్చిన చర్చ గుర్తున్నవాళ్లకు ఆ వ్యాసం పరాయిది అనిపించదు.

2004 నవంబర్ 9న ‘ఎక్స్‌పో’ ఆఫీసు భవనంలో లిఫ్టు పనిచేయలేదు. ఏడంతస్తులు మెట్లెక్కి వెళ్లిన లార్సన్‌కు గుండెపోటు వచ్చింది. చనిపోయేనాటికి వయసు 50. మూడు నవలలూ అప్పటికే నోర్‌స్టెట్స్ ప్రచురణ సంస్థ దగ్గరున్నాయి. 2005, 2006, 2007లలో ఒక్కొక్కటిగా వచ్చాయి. అచ్చయిన నవల ఒక్కటీ ఆయన చూడలేదు. పెళ్లికాని తోడుకు స్వీడన్ చట్టం వారసత్వం ఇవ్వదు. కాబట్టి ఆస్తీ, పుస్తకాల హక్కులూ తండ్రికీ తమ్ముడికీ వెళ్లాయి. ముప్పై రెండేళ్లు కలిసి బతికిన ఎవాకు ఆ పుస్తకాల మీద మాట చెల్లలేదు. వేరే రచయిత చేత రాయించిన నాలుగో నవలను 2015లో తెస్తుంటే ఆమె వద్దని బహిరంగంగా అన్నారు, ఎవరూ వినలేదు. ప్రాణభయంతో కాగితం మీదికి ఎక్కని కాపురాన్ని, కాగితం లేదు కాబట్టి కాపురమే కాదన్నట్టు చూడడం అన్యాయం. చట్టం ప్రకారం జరిగిందన్న సమాధానం నాకు చాలదు.

లార్సన్ 2001లో మీకాయెల్ ఎక్మన్‌తో కలిసి స్వీడన్ డెమొక్రాట్స్ అనే పార్టీ పుట్టుపూర్వోత్తరాల మీద ఒక పుస్తకం రాశారు. అప్పటికి ఆ పార్టీకి పార్లమెంటులో ఒక్క సీటు లేదు. 2010లో 5.7 శాతం ఓట్లతో లోపలికి వచ్చింది. 2022లో 20.5 శాతంతో రెండో పెద్ద పార్టీ అయింది. దాని మూలాలు తెలుసుకోవాలనుకున్నవాళ్లకు ఎవరూ పట్టించుకోనప్పుడు రాసిపెట్టిన ఆ పేజీలు అక్కరకొచ్చాయి.

మన పత్రికల్లో ఖర్చు తగ్గించాలంటే ముందు మూతపడేది ఇలాంటి కాగితాలు దాచే లైబ్రరీ సెక్షనే. నేను పనిచేసిన చోటా అదే జరిగింది. ‘ఆంధ్రపత్రిక’ లాంటి పాత పత్రికలను ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి ఇంటర్నెట్‌లో పెట్టింది, మంచి పని. మరి జిల్లా టాబ్లాయిడ్ల సంగతి? మండలాల్లో కంట్రిబ్యూటర్లు రాసే నాలుగు వాక్యాల వార్తలు, ఏ ఊళ్లో ఎవరిని వెలివేశారు, ఏ కొట్లాటలో ఎవరి పేరు మొదట వినబడింది అన్నవి, వాటిలోనే ఉంటాయి. వాటిని మండలాల వారీగా, పేర్ల వారీగా దాచి ఉంచే మనిషిని ప్రతి ఎడిషన్‌లో ఒక్కరినైనా జీతమిచ్చి పెట్టాలి. లార్సన్ పత్రికా వ్యాసాలు ‘ది ఎక్స్‌పో ఫైల్స్’ పేరుతో 2012లో ఇంగ్లీషులో వచ్చాయి. ఆ పుస్తకాన్ని ఎవరైనా తెలుగు ప్రచురణకర్త వేయాలి, జర్నలిజం కాలేజీలు దాన్ని పాఠంగా పెట్టాలి.