వంశమును, వ్యాపారమును, ప్రాతినిధ్యమును

2024 జూను 4వ తేదీన ఏలూరు లోకసభ స్థానపు ఓట్ల లెక్క ముగియగా, తెలుగుదేశము పక్షమున నిలిచిన శ్రీ పుట్టా మహేశ్ కుమార్ యాదవ్ గారు లక్షా యెనుబది వేలకు మించిన ఆధిక్యముతో గెలుపొందిరి. ఆయన పుట్టుక కడప మండలమున, వృత్తి వ్యాపారము. తండ్రి శ్రీ పుట్టా సుధాకర్ యాదవ్ గారు తిరుమల తిరుపతి దేవస్థానముల ధర్మకర్తల మండలికి అధ్యక్షులుగా నుండినవారు. మైదుకూరులో 2014 లోను 2019 లోను ఓడి, 2024 లో శాసనసభ కెన్నికైనవారు. మామగారు శ్రీ యనమల రామకృష్ణుడు గారు తునినుండి వరుసగా ఆరుమార్లు శాసనసభకు వచ్చి, సభాపతి పదవిని, ఆర్థికమంత్రి పదవిని నిర్వహించినవారు. కుమారుడు ఏలూరున, తండ్రి మైదుకూరున, మామగారి కుమార్తె శ్రీమతి దివ్య తునిలో ఒక్క యెన్నికలోనే జయము పొందిరి.

ఓడినవారి వంశమును గూడ చూడవలెను. ప్రధాన ప్రత్యర్థిగా వై. ఎస్. ఆర్. కాంగ్రెసు పక్షమున నిలిచిన శ్రీ కారుమూరి సునీల్ కుమార్ గారు నాటి రాష్ట్రమంత్రి శ్రీ కారుమూరి నాగేశ్వరరావు గారి కుమారులు. కావున ఏలూరు ప్రజలు ఆనాడు చేసిన నిర్ణయము వారసునకును సామాన్యునకును నడుమ చేసినది కాదు. ఇరువురు వారసుల నడుమ చేసినది. గెలిచినను ఓడినను రాజకీయ కుటుంబమే గెలుచునట్టి పందెమది.

ఇది మేము వ్యక్తినిందకై వ్రాయుచున్న మాట కాదు. ధనికుడగుట నేరము కాదు. ప్రసిద్ధుని కుమారుడగుట యంతకన్నను నేరము కాదు. ప్రజలు స్వేచ్ఛగా ఓటు వేసి పంపినవానిని ప్రతినిధిగా నంగీకరించుట మనధర్మము. అయినను ఒక వ్యక్తి జీవితము ఒక కాలపు స్వభావమును తెలుపుచున్నప్పుడు, దానిని పరిశీలింపక విడుచుట పత్రికాధర్మము కాదు.

ఈ స్థానపు పూర్వచరిత్రను ఒక్కసారి నెమరు వేసికొందము. రెండవ లోకసభలో ఏలూరికి మోతే వేదకుమారి గారును, 1962 లో కమ్యూనిస్టు పక్షమున వీరమాచనేని విమలాదేవి గారును ప్రాతినిధ్యము వహించిరి. 1984 నుండి 2024 వరకు ఇచ్చట పదునొకండు లోకసభ యెన్నికలు జరిగెను, గెలిచినవా రార్గురే. తణుకు పారిశ్రామికుడు బోళ్ల బుల్లిరామయ్య గారు నాలుగుమార్లు (1984, 1991, 1996, 1999), నిర్మాణ వ్యాపారమున పేరొందిన కావూరి సాంబశివరావు గారు రెండుమార్లు (2004, 2009) గెలిచిరి. తండ్రి రవీంద్రనాథ చౌదరి గారి రాజకీయ వారసత్వముతో వచ్చిన మాగంటి వెంకటేశ్వరరావు గారు రెండుమార్లు (1998, 2014), చింతలపూడినుండి పలుమార్లు శాసనసభ కెన్నికై మంత్రిగా నుండిన కోటగిరి విద్యాధరరావు గారి కుమారుడు శ్రీధర్ గారు ఒకమారు (2019) గెలిచిరి. 1989 లో గెలిచినది సినిమానటుడు ఘట్టమనేని కృష్ణ గారు. అనగా ఆరుమార్లు పరిశ్రమ, మూడుమార్లు వంశము, ఒకమారు వెండితెర. పదునొకండవ యెన్నికలో పరిశ్రమయు వంశమును ఒక్క మనిషియందే కలిసినవి.

ఈ రెండు ప్రవాహములు నలువదియేండ్లు వేరువేరుగా పారి, ఇప్పుడు కలియుటకు కారణమేమి? చట్టము లోకసభ అభ్యర్థి వ్యయమునకు 95 లక్షల రూపాయల హద్దు విధించినది; పక్షముల వ్యయమునకు మాత్రము హద్దు లేదు. హద్దున్నచోట హద్దు ఎట్లు పాటింపబడుచున్నదో పల్లెటూరి ఓటరునకు మేము చెప్పనక్కరలేదు. ఇట్టి స్థితిలో పక్షనాయకులకు రెండు కోరికలు గలుగును. అభ్యర్థి తన వ్యయమును తానే భరింపగలవాడై యుండవలెను; పక్షమును విడిచిపోని బంధము కలవాడై యుండవలెను. మొదటిది వ్యాపారము వలన వచ్చును, రెండవది చుట్టరికము వలన వచ్చునని వారు తలంతురు. రెండును గలవాడు దొరికినప్పుడు, ఇరువదియేండ్లు జెండా మోసిన కార్యకర్త వాకిట నిలువవలసినదే. అతని జిల్లా యేదియని యడుగుట గూడ అప్పుడు అనవసరమగును.

ధనికుడైన ప్రతినిధిని సమర్థించువారు చెప్పు మాట యొకటి గలదు: కడుపు నిండినవాడు ప్రజాధనమున కాశపడడని. ఇది వినుటకు ఇంపుగా నుండును. కాని ఆకలికి హద్దు గలదు గాని లాభమునకు హద్దు లేదు. వంశమును సమర్థించువారు ఇంటిలోనే రాజ్యవ్యవహారము నేర్చినవాడు త్వరగా పనిచేయగలడందురు. నేర్చియుండవచ్చును. అయినను ‘మా తాతలు నేతులు త్రాగిరి, మా మూతులు వాసన చూడు’ డనువానికి జనులు నవ్వుదురే గాని విస్తరి వేయరు. ఈ రెండు గుణములును అవకాశములే గాని అర్హతలు కావు. అవకాశమును అర్హతగా మార్చునది పని.

ఇంగ్లాండు చరిత్రనుండి ఒక యుదాహరణము చూపవచ్చును. జోసెఫ్ చేంబర్లేను బర్మింగుహాము నగరమున మరమేకులు చేయించి ధనమార్జించినవాడు. 1873 లో ఆ నగరమునకు మేయరయ్యెను. 1874 లో వ్యాపారమునుండి తప్పుకొనెను. పిమ్మట గ్యాసు కంపెనీలను, నీటి కంపెనీని నగరపాలక సంఘమునకు కొనిపెట్టి, ఆ లాభమును, ఆ నీటిని ప్రజల పరము గావించెను. అతని తరువాతి రాజకీయములు మనబోటివారు మెచ్చదగినవి కావు, అతడు సామ్రాజ్యవాది. కాని మేయరుగా చేసిన పని నేటికిని స్మరింపబడుచున్నది. అతని కుమారు లిరువురును రాజకీయములకు వచ్చిరి. పెద్దవాడు ఆస్టెను విదేశాంగమంత్రియై 1925 సంవత్సరపు నోబెలు శాంతి బహుమానమును పొందెను. చిన్నవాడు నెవిల్ ప్రధానియై 1938 లో మ్యూనిక్ నగరమున హిట్లరుతో ఒడంబడి అపకీర్తి పాలయ్యెను. ఒక్క తండ్రి, ఒక్క ఇల్లు, రెండు ఫలితములు. వంశమును బట్టి ఫలితమును ముందుగా చెప్పుట జ్యోతిష్కునకు గూడ సాధ్యము కాదు. పారిశ్రామికుడు వ్యాపారమునుండి తప్పుకొని, తన నేర్పును నగరపు నీటికై వినియోగించెనన్నదే ఇందు గ్రహింపవలసిన నీతి.

మన ప్రాంతమున గూడ పరీక్ష నీటియందే యున్నది. ఆ పరీక్ష పేరు కొల్లేరు.

కైకలూరు 2022 ఏప్రిలు వరకు కృష్ణా జిల్లాలోనిది. తరువాత క్రొత్తగా నేర్పడిన ఏలూరు జిల్లాలోనికి వచ్చినది. జిల్లా మారినను కష్టము మారలేదు. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పల్లమున నున్న ఈ మంచినీటి సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏరులును, పెక్కు కాలువలును వచ్చి పడును. వెలుపలికి పోవు త్రోవ ఉప్పుటే రొక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడను ముంచినప్పుడు లోకమంతయు బెజవాడను చూచినది. ఆ నీరే తరువాత కొల్లేటికి దిగి లంకగ్రామముల బాటలను కప్పివేసినప్పుడు చూచినవారు కొందరే.

ఈ సరస్సు చరిత్రలో పెట్టుబడి కథ యొకటి యిమిడియున్నది. 1976 ప్రాంతమున ప్రభుత్వమే సహకార సంఘముల నేర్పరచి, లంకలలోని మత్స్యకారులకును పేదలకును చేపలచెరువులు త్రవ్వించి యిచ్చినది. ఉద్దేశము మంచిది. కాని చెరువు కలిగియుండుట ఒకటి, చెరువు నడపుట మరియొకటి. చేపపిల్లలకు, మేతకు, ఇంజనులకు, మంచుగడ్డకు, కలకత్తా పోవు లారీలకు కావలసిన ధనము సంఘసభ్యునికడ లేదు. ధనము గలవాడు వచ్చి చెరువును కౌలునకు పుచ్చుకొనెను. సభ్యుడు ఏటి కింతయని తీసికొని, తన గట్టుమీదనే కాపలా కూలియయ్యెను. చెరువులు పెరిగినకొలది సరస్సు తరిగెను. గట్లు నీటిత్రోవకు అడ్డమాయెను.

1999 లో ప్రభుత్వము అయిదవ కాంటూరు వరకు, అనగా సముద్రమట్టమునకు అయిదడుగుల ఎత్తువరకు గల 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించెను. 2002 లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యము గల రాంసారు ప్రదేశములలో చేరెను. 2006 లో సుప్రీంకోర్టు ఆదేశానుసారము చెరువుగట్లను కొట్టివేసిరి. ఆనాడు కౌలుదారునకు పోయినది పెట్టుబడి. లంకవాసికి పోయినది బ్రతుకుతెరువు. 2008 లో శాసనసభ అయిదవ కాంటూరును మూడవదానికి తగ్గింపవలెనని తీర్మానించెను. కేంద్రము నియమించిన అజీజు సంఘము తగ్గింపరాదని చెప్పెను. 2006 నాటి ఆదేశముల యమలును గూర్చి 2025 లో గూడ ఆ న్యాయస్థానమున విచారణ జరిగెను. అభయారణ్యపు హద్దులోపల జిరాయితీ పట్టాలు గల రైతులు, తమ భూమికి సొమ్మైనను ఇండు, విడిచియైనను పెట్టుడని యడుగుచునే యున్నారు.

ఎన్నిక వచ్చినప్పుడెల్ల కాంటూరు మాట వచ్చును. ఎన్నిక పోయిన పిదప ఆ మాటయు పోవును. ఓటరు ఒక్కటి గ్రహింపవలెను. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము పార్లమెంటు చేసినది. అభయారణ్యపు హద్దు మార్చుటకు జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు కావలెను. శాసనసభ తీర్మాన మొక్కటే చాలదు. కావున ఇది ముఖ్యముగా లోకసభ సభ్యుని పని. మరియొకరిమీదికి నెట్టుటకు వీలు లేదు.

మేము మూడు విషయములను కోరుచున్నాము. ఇవి యీ యొక్కరిని మాత్రమే కాదు, ఏలూరు స్థానమునకు ఎవరు వచ్చినను అడుగవలసినవే.

మొదటిది: కొల్లేటిలో నున్నవారిని ఒక్కరాశిగా చూడరాదు. పట్టాగల చిన్నరైతు వేరు, సంఘసభ్యుడైన మత్స్యకారుడు వేరు, వెలుపలినుండి వచ్చి వందల యెకరములు కౌలునకు చేయువాడు వేరు. మొదటివానికి న్యాయమైన పరిహారము, రెండవవానికి వలవేయు హక్కు, మూడవవానికి చట్టము చూపవలెను. పేదవానిని ముందు నిలిపి ధనవంతుని చెరువును కాపాడుట న్యాయము కాదు. ఈ విభజనమును గ్రామవారీగా లెక్కకట్టించి న్యాయస్థానము ముందును, పార్లమెంటు ముందును ఉంచుట ప్రతినిధి చేయదగిన పని. ఆస్తి అప్పుల పట్టీ చదువనేర్చిన వ్యాపారికి ఇది కష్టము కాదు.

రెండవది: ఏటేట సభ్యునికి స్థానికాభివృద్ధి నిధిక్రింద 5 కోట్ల రూపాయలు లభించును. ఏడు శాసనసభా నియోజకవర్గములకు ఇది చాలదు. అందుచేతనే వరుసక్రమము ముఖ్యము. చుట్టును నీరుండియు త్రాగునీటికై బిందె పట్టుకొని నిలుచు లంకగ్రామము లుండగా, స్వాగతద్వారములును సభామంటపములును ఆగవచ్చును. ఆ నిధిలో ప్రతి రూపాయి ఏ యూరికి పోయినదో కైకలూరున ప్రతియేట ఒక బహిరంగ సభలో చదివి వినిపించిన చాలును.

మూడవది: 2003 లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పువలన అభ్యర్థి తన ఆస్తిని ఎన్నికకు ముందు ప్రకటించుచున్నాడు. ఎన్నికైన తరువాత గూడ, తన యొక్కయు తన కుటుంబము యొక్కయు వ్యాపారములకు ప్రభుత్వపు పనులతో ఏ సంబంధమున్నను, అది అప్పటికప్పుడే నియోజకవర్గ ప్రజలకు తెలియజేయవలెను. ఇది అనుమానముచేత కోరుట కాదు. దాపరికము లేనివానికి ఇది గౌరవమే.

ఓటరునకు గూడ ఒక మాట చెప్పవలసియున్నది. స్వగ్రామమువాడు ఓడినప్పుడు అతడు తిరిగి మన వీధిలోనే నడువవలెను. ఆ సిగ్గే అతనికి కొంత కట్టుబాటు. పరజిల్లానుండి వచ్చి, పేరును ధనమును వెంట తెచ్చుకొన్నవానికి ఆ కట్టుబాటు లేదు. మన చందా అతనికి అక్కరలేదు, మన యాశ్రయమును అక్కరలేదు. అతనిని మనతో కట్టివేయునది మన ప్రశ్న యొక్కటే. ఓటు వేసిననాడు పుచ్చుకొన్నది యేదైనను ఉన్నచో, ఆ ప్రశ్న యడుగుటకు నోరు రాదు. అందుచేత ధనికుడైన ప్రతినిధిని గూర్చి ఫిర్యాదు చేయుటకు ముందు మన చేతిని మనమే చూచికొనవలెను.

కొల్లేటిలోనికి ఎన్ని యేరులు పారినను ప్రమాదము లేదు. ఉప్పుటేరు పూడిపోయినప్పుడే ముంపు. రాజకీయములలోనికి వంశమును రావచ్చును, వ్యాపారమును రావచ్చును. లెక్క చెప్పు త్రోవ పూడిపోకుండ కాపాడుట మాత్రము ప్రజల వంతు. తదుపరి యెన్నికలో ఏలూరు మరల ఇరువురు వారసుల నడుమ నిలువవలసి రావచ్చును. అప్పుడు అడుగవలసినది ఎవరి కుమారుడని కాదు. అయిదేండ్లలో కొల్లేటికి ఏమి చేసితివని.