గడ్డిమందూ దూషీవిషమే

పెరటిలో గడ్డి మొలిస్తే ఈనాడు కొడవలికి బదులు గడ్డిమందు డబ్బా చేతికి వస్తున్నది. ఇది మొక్కలకే విషమనీ, ప్రాణులకు నిరపాయమనీ అమ్మేవారు చెబుతారు. వైద్యునిగా నేనీ మాటను అంగీకరించలేను.

విరివిగా వాడే గ్లైఫోసేట్‌నే తీసుకుందాం. మొక్కలు కొన్ని అమైనో ఆమ్లాలను తయారుచేసుకునే మార్గాన్ని ఇది మూసివేస్తుంది. ఆ మార్గం మానవ శరీరంలో లేదన్నది నిజమే. కాని అనేక సూక్ష్మజీవులలో ఉన్నది. అవి మన ప్రేగులలోనూ, చేపల ప్రేగులలోనూ కాపురముంటున్నవి గదా!

జీబ్రాచేప మన దేశపు ఏరులలో, వరిమళ్ళలో తిరిగే చిన్న జీవి. దాని గుడ్డు పారదర్శకం కావున, పిండంలో గుండె కొట్టుకోవడం సైతం సూక్ష్మదర్శినిలో కనబడుతుంది. రెండు మూడు దినాలలో పిల్ల బయటపడుతుంది. అటుపిమ్మట చుట్టూ ఉన్న నీటి నుండే సూక్ష్మజీవులు దాని ప్రేగులకు చేరుతాయి. అవి లేకుండా పెంచిన పిల్లలలో ప్రేగు పూర్తిగా పరిణతి చెందదని 2006లో పరిశోధకులు తెలిపారు. అనగా పిండానికి నీరే తల్లి, నీరే దాది. ఆ నీటిలో మందు కలిస్తే పిండానికీ, దానికి తోడు కావలసిన జీవులకూ ఒకేసారి ముప్పు.

గ్లైఫోసేట్ తగిలిన ఈ పిండాలలో తల, కన్ను, గుండె ఎదుగుదలలో లోపాలు ప్రయోగాలలో కనబడినవి. అయితే పలు ప్రయోగాలలో వాడిన మోతాదు చెరువులలో సాధారణంగా ఉండేదానికన్నా హెచ్చు. చేపకు జరిగినదంతా మనిషికీ జరుగుతుందనడం కూడా న్యాయం కాదు. అంతమాత్రాన స్వల్పమోతాదు క్షేమమని తీర్మానించవచ్చునా?

గురుకులంలో సుశ్రుతసంహిత కల్పస్థానం చదివేటప్పుడు దూషీవిషమనే భావన నా మనసున నాటుకున్నది. వీర్యం తగ్గిన విషం వెంటనే చంపదు. కఫావృతమై ఏళ్ళతరబడి దేహంలో నిలిచి, అనుకూలమైన కాలం రాగానే ధాతువులను దూషిస్తుంది. చంపనంత మాత్రాన విషం అమృతం కాదని దీని భావం.

2022లో కేంద్ర ప్రభుత్వం గ్లైఫోసేట్‌ను చీడనివారణ నిపుణుల ద్వారా తప్ప ఎవరూ వాడరాదని ఉత్తర్వు చేసింది. ఇంటి పెరటికి అది ఎంతమాత్రం తగదనడానికి ఇంతకన్నా ఏమి కావాలి?

గృహస్థులకు నా విన్నపం. పెరటి గడ్డిని చేతితో పెరకండి. గచ్చు నెర్రెలలోని మొక్కలపై మరిగిన నీరు పోస్తే చాలు. గుంటగలగర, గలిజేరు, పొన్నగంటి వంటివి మనకు ఔషధాలైనా, మందు చల్లేవారికి కలుపే. కావున మందు పడిన గట్లపై వాటిని కోయకండి. మందు వాడిన పాత్రలను చెరువులో కడగనీయకండి.

నీటిపక్షులు విడిచిపోయిన నీరు చెడినదని చరకుడు జనపదోద్ధ్వంస ప్రకరణంలో లక్షణం చెప్పాడు. పక్షి ఎగిరిపోగలదు. గుడ్డులోని చేపపిల్ల ఎక్కడికి పోతుంది? దానికి కీడు చేసే నీటిని మన బిడ్డలకు ఏ ధైర్యంతో త్రాగిస్తాం?