మైదానానికి శాసనం ఏదీ?

శ్రీకూర్మనాథుని గుడికి వెళ్లినవాళ్లు దర్శనం అయ్యాక తొందరపడి బస్సెక్కకుండా, మంటపం స్తంభాల దగ్గర కాసేపు ఆగాలి. నల్లని రాతి మీద ఒత్తుగా అక్షరాలుంటాయి. తూర్పు గాంగుల కాలం నుంచి చెక్కుతూ వచ్చిన శాసనాలు అవి. దేవుడి ముందు అఖండ దీపం వెలగడానికి ఫలానావారు ఫలానా శక సంవత్సరంలో ఇంత దానం ఇచ్చారని పేరుతో సహా రాసి ఉంటుంది. నరహరి తీర్థులు ఇక్కడ యోగానంద నరసింహుడికి గుడి కట్టించిన సంగతి 1281 నాటి శాసనం చెబుతోంది. ఏడు వందల నలభై ఏళ్లు దాటిపోయాయి. రాజ్యాలు పోయాయి. అయినా దీపానికి నూనె ఎవరు పోయించారో ఈనాటికీ చదువుకోగలుగుతున్నాం.

ఆ గుడి నుంచి శ్రీకాకుళం పట్నం కూతవేటు. అక్కడి మైదానాల్లో యాభై ఏళ్ల కిందట బంతాట ఆడినవాళ్ల పేర్లు చెప్పమనండి. ఏ కాలేజీ ఏ కాలేజీని ఓడించింది? గోలు కీపరు ఎవరు? ఈల ఊదిన డ్రిల్లు మాస్టారు ఎవరు? ఏ గోడ మీదా లేదు, ఏ పుస్తకంలోనూ దొరకదు. రాళ్ల మీద ఎనిమిది వందల ఏళ్ల లెక్క దాచుకున్న నేల మీద, తాతలు ఆడిన ఆటకు చిత్తు కాగితం కూడా మిగలలేదు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, పట్నంలోని కోడి రామ్మూర్తి స్టేడియం కథ జిల్లాలో అందరికీ తెలిసిందే. గత దశాబ్దంలో పాత కట్టడాన్ని పడగొట్టారు. దాని చోట కొత్తది, గొప్పది కడతామన్నారు. శంకుస్థాపన రాళ్లకు, ఫొటోలకు లోటు రాలేదు. ఆ తరువాత ప్రభుత్వాలు మారాయి, నాయకుల మాటలు మారాయి, పనులు మాత్రం ఏళ్ల తరబడి ఎక్కడివక్కడే నిలిచిపోయాయి. ఆ మధ్య కాలంలో పదిహేనేళ్ల వయసున్న గుంటడు ఆట నేర్చుకునే వయసు దాటి ఉద్యోగం వెతుక్కుంటూ హైదరాబాదుకో, చెన్నైకో రైలెక్కి ఉంటాడు. నిధులు, టెండర్లు, బిల్లుల గొడవ గురించి ఇప్పటికే చాలా మంది రాశారు. మేము అడిగేది ఎవరూ అడగని ప్రశ్న. పాతది పడగొట్టే ముందు అందులో ఏముందో ఎవరైనా రాసి పెట్టారా? రిజిస్టర్లు, కప్పులు, షీల్డులు, గ్రూపు ఫొటోలు ఎక్కడికి పోయాయి? కొత్త గ్యాలరీ ఇవాళ కాకపోతే రేపైనా లేస్తుంది. సిమెంటుకు డబ్బుంటే చాలు. పోయిన రిజిస్టరును ఏ కాంట్రాక్టరు కట్టి ఇస్తాడు?

ఆ పేరు కథే చూడండి. కోడి రామ్మూర్తి నాయుడు వీరఘట్టంలో పుట్టాడు. చిన్నప్పుడే తల్లి పోతే విజయనగరంలో పినతండ్రి ఇంట పెరిగాడు. పుస్తకం కంటే కుస్తీ మీద మనసు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, తాను చదువుకున్న విజయనగరం హైస్కూల్లోనే వ్యాయామం నేర్పాడు. తరువాతే సర్కసు, ఇనుప గొలుసులు తెంచడాలు, మోటారు కార్లు ఆపడాలు, గుండెల మీద ఏనుగు, ఇండియన్ హెర్క్యులస్ బిరుదు, అన్నీ. జనం కలియుగ భీముడన్నారు. 1942లో కన్నుమూశాడు. విశాఖ బీచిలో ఆయన విగ్రహం పక్కన నిలబడి ఫొటో దిగేవాళ్లలో ఎంతమందికి తెలుసు, ఆయన మొదట ఒక బడి మైదానంలో పిల్లలకు వ్యాయామం చెప్పిన పంతులని? 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక ఆయన పుట్టిన ఊరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. చదివి, చెప్పిన బడి విజయనగరం జిల్లాలో ఉంది. పేరు పెట్టిన స్టేడియం శ్రీకాకుళంలో ఉంది. ముగ్గురు కలెక్టర్ల నడుమ ఒక మనిషి. ముగ్గురిలో ఎవరిని అడిగినా "మాది కాదండీ" అనే వీలుంది!

విజయనగరం సంగతికి వద్దాం. మహారాజా వారి బడి 1857లో పుట్టింది, 1879లో కాలేజీ అయింది. అందులో గురజాడ చదివాడు, పాఠం చెప్పాడు. గిడుగు రామ్మూర్తి అక్కడి హైస్కూల్లో చదివాడు. పక్కనే 1919లో సంగీత కళాశాల వెలిసింది. దానికి ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలు. ఘంటసాల అక్కడే నేర్చుకున్నాడు. ఇవన్నీ మనం గుక్క తిప్పుకోకుండా చెబుతాం. చెప్పాలి కూడా. కానీ ఆ కాలేజీ కుర్రాళ్లు సాయంత్రం పూట ఏం చేసేవారు? తరగతి గదిలో షేక్‌స్పియరు అయ్యాక పంచె ఎగ్గట్టి ఎక్కడికి పరిగెత్తేవారు? మన సాహిత్య చరిత్రకారులకు ఆ సాయంత్రాలు కనపడవు. విద్యల నగరం అని బిరుదు ఇచ్చుకున్నాం. ఆ విద్యల్లో ఆటను లెక్కపెట్టలేదు.

ఆటల్లో చరిత్రకెక్కిన పేరు ఒకటే, విజ్జీ. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు ఆ మహారాజకుమార్ కెప్టెను. అంతకు ముందు జాక్ హాబ్స్‌ను, సట్‌క్లిఫ్‌ను మన దేశానికి రప్పించి ఆడించాడు. ఆయన పేరుతో స్టేడియం ఉంది, విశ్వవిద్యాలయాల ట్రోఫీ ఉంది. ఉండనీయండి. ఆ కెప్టెన్సీ ఎలా వచ్చిందో, లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఎందుకు ఇంటికి పంపారో క్రికెట్ పుస్తకాల్లో కావలసినంత ఉంది. రాజుగారి ఆటకు అన్ని పుటలు దొరికాయి. గరివిడి నుంచో, చీపురుపల్లి నుంచో, ఆమదాలవలస నుంచో వచ్చి చెప్పుల్లేకుండా ఫుట్‌బాల్ ఆడిన రైతుబిడ్డ ఆటకు అర పుట అయినా దొరకలేదు. క్రికెట్‌కు తెల్ల బట్టలు, బ్యాట్లు, ప్యాడ్లు కావాలి. బంతాటకు ఒక తోలు బంతి, లోపల ఒక బ్లాడరు, గాలి కొట్టడానికి సైకిలు పంపు ఉంటే ఇరవై రెండు మంది ఆడొచ్చు. పేదోడి ఆట కనుకనే దానికి లేఖరి దొరకలేదు.

ఇంకో చిక్కుంది. మన ప్రాంతం కాగితాలు మన ప్రాంతంలో ఉండవు. మహారాజా కాలేజీ మొదట మద్రాసు యూనివర్సిటీ కింద ఉండేది. 1926లో ఆంధ్రా యూనివర్సిటీ వచ్చింది. శ్రీకాకుళం కాలేజీలన్నీ 2008లో ఎచ్చెర్ల యూనివర్సిటీ వచ్చేదాకా వాల్తేరు కిందే ఉన్నాయి. అంటే ఇక్కడి కుర్రాడు గెలిచిన అంతర కళాశాలల పోటీ ఫలితం వెతకాలంటే వాల్తేరు వెళ్లాలి. రాజధాని మద్రాసు నుంచి కర్నూలుకు, కర్నూలు నుంచి హైదరాబాదుకు, అక్కడి నుంచి అమరావతికి మారింది. ప్రతిసారీ బీరువాలు లారీలెక్కాయి. కళింగాంధ్ర వెనుకబాటు అంటే నీళ్లు, ఉద్యోగాలు, వలసలు మాత్రమే అనుకుంటాం. మన గురించి మనకు తెలియవలసింది పరాయి ఊళ్ల గోదాముల్లో చెదలు పట్టడం కూడా వెనుకబాటే.

చట్టం కాపాడుతుందా అంటే అదీ లేదు. 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టం ప్రకారం రక్షిత కట్టడం కావాలంటే నూరేళ్లకు తగ్గకుండా వయసుండాలి. కాలేజీ గ్రౌండుకు అంత వయసు రాదు. వచ్చినా కట్టడమేదీ? గోల్‌పోస్టులు రెండు, గడ్డి, ఒక చింతచెట్టో రావిచెట్టో. రెవెన్యూ అధికారి కళ్లకు అది ఖాళీ జాగా. ఖాళీ జాగా అనగానే ఒకరికి ఆఫీసు కట్టాలనిపిస్తుంది, ఒకరికి ఎగ్జిబిషన్ పెట్టాలనిపిస్తుంది, ఇంకొకరికి హెలికాప్టరు దింపాలనిపిస్తుంది. విజయనగరం అయోధ్యా మైదానం పేరు చెప్పగానే చాలా మందికి గుర్తొచ్చేది ఆటలా, నాయకుల బహిరంగ సభలా? ఒక్కో సభకు తవ్విన గుంజల గుంతల్లో కాళ్లు మెలిపడేది పిల్లలకే. ఏ మైదానంలో ఎవరు ఆడారో రాసి లేనప్పుడు, అది ఎన్నాళ్లుగా ఆటస్థలమో అధికారికి చూపించడానికి మన చేతిలో ఏముంటుంది?

వయసున్నవాటికైనా రక్షణ ఉందా? 2020 మే నెలలో, లాక్‌డౌన్‌లో జనం ఇళ్లలో ఉన్న రోజుల్లో, విజయనగరం మూడు లాంతర్ల స్తంభాన్ని కూల్చారు. ఊరు గగ్గోలు పెట్టింది. గగ్గోలు పెట్టడానికి కారణం ఉంది, ఆ స్తంభం కథ నలుగురికీ తెలుసు. కథ తెలియని మైదానం పోతే నోరు మెదిపేవాడు ఉండడు.

వేరే చోట్ల ఏం చేశారో చూద్దాం. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే పిచ్చి. వాళ్లది మన ఆట కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటకు ఫుట్‌బాల్ అని పేరు పెట్టుకున్నారు! ఆ సంగతి వదిలేయండి. హార్వర్డ్ యూనివర్సిటీ స్టేడియం 1903లో, యేల్ యూనివర్సిటీది 1914లో కట్టారు. 1987లో రెంటినీ జాతీయ చారిత్రక స్థలాలుగా ప్రకటించారు. కోటలతో సమానంగా ఒక కాలేజీ ఆటస్థలం! ఉరుగ్వేలో 1930 ప్రపంచ కప్పు ఆడిన సెంటినారియో స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యూజియమే ఉంది. అంత దూరం ఎందుకు? 1911 జూలై 29న తెల్లవాళ్ల పటాలం జట్టును మోహన్ బగాన్ ఓడించింది. పదకొండు మందిలో పదిమందికి బూట్లు లేవు. కలకత్తా ఆ తేదీని ఈనాటికీ పండుగలా చేస్తుంది, ఆ పదకొండు పేర్లు గుర్తుపెట్టుకుంది.

హైదరాబాదు అనుభవం మనకు హెచ్చరిక. సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు దేశం జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఏషియాడ్‌లో బంగారు పతకానికి చేర్చాడు. 1963లో చనిపోయాడు. అరవై ఏళ్ల తరువాత, 2024లో బొంబాయి వాళ్లు మైదాన్ అని సినిమా తీస్తే తప్ప మన పిల్లలకు ఆయన పేరు తెలియలేదు. అంత పెద్దాయనకే ఆ గతి పడితే, మన ఊరి డ్రిల్లు మాస్టారి మాట ఏం చెప్పాలి?

పాలకుల దృష్టిలో ఫుట్‌బాల్ ఎక్కడుందో కూడా చెప్పుకోవాలి. 2023 డిసెంబరు నుంచి 2024 ఫిబ్రవరి వరకు ఆడుదాం ఆంధ్రా అని ఊరూరా పోటీలు పెట్టారు. క్రికెట్, వాలీబాల్, బ్యాడ్మింటన్, కబడ్డీ, ఖోఖో. ఐదు ఆటల్లో ఫుట్‌బాల్ లేదు. ఎందుకు లేదని అడిగినవాళ్లూ పెద్దగా లేరు. ఆడిన చరిత్ర రాసి ఉంటే కదా, లేకపోవడం లోటని తెలిసేది.

మన దగ్గర మనుషులు లేరా? ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీలో బరువులెత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది. విజయనగరం పక్కన కొండవెలగాడ నుంచి ఎంతమంది వెయిట్‌లిఫ్టర్లు వచ్చారో! ఏ సౌకర్యమూ లేని చోట్ల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లు మొదట బరువెత్తిన వ్యాయామశాలల ఫొటోలైనా ఎవరో ఒకరు ఒకచోట చేర్చి పెట్టవద్దా?

దారి కోసం ఎక్కడికో చూడక్కర్లేదు, శ్రీకాకుళంలోనే ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచారు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. తనకు అవార్డులుగా వచ్చిన డబ్బు పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ ఒకచోట చేర్చాలన్నది ఆయన పట్టుదల. పాత పత్రికలు ఎవరి అటక మీద ఉన్నాయో తెలుసుకుని ఉత్తరాలు రాశారు, తిరిగారు, అడిగారు. 2021 జూన్‌లో మాస్టారు వెళ్లిపోయారు. ఆయన పోగుచేసింది మిగిలింది. కథకు జరిగిన మేలు ఆటకు ఎందుకు జరగకూడదు? పెద్ద భవనం అక్కర్లేదు. స్టేడియంలో ఒక గది, నాలుగు బీరువాలు, ఒక టేప్‌రికార్డరు చాలు. ఇప్పుడైతే సెల్‌ఫోనే టేప్‌రికార్డరు.

కనుక ఈ పని తక్షణం జరగాలి. కోడి రామ్మూర్తి స్టేడియం పనుల లెక్కలో ఒక చరిత్ర గదిని చేర్చాలి. గుత్తేదారు బిల్లులో దానికయ్యే ఖర్చు గేటు తలుపుల ఖర్చును మించదు. కాలేజీ ప్రిన్సిపాళ్లు స్టోరు రూముల తాళాలు తీయించి, మురికిపట్టిన కప్పుల మీద చెక్కిన సంవత్సరాలు, పేర్లు నోటు పుస్తకంలోకి ఎక్కించాలి. వెండిపూత కప్పును పాత ఇనుప సామాను కొట్టుకు తూకానికి వేయడం నేరమని వాళ్లకు ఎవరైనా చెప్పాలి. ఎచ్చెర్ల, వాల్తేరు యూనివర్సిటీలు అంతర కళాశాలల పోటీల రికార్డుల నకళ్లు జిల్లాకు ఇవ్వాలి. చరిత్ర విద్యార్థుల ఎంఏ ప్రాజెక్టుల్లో సగమైనా గాంగుల శాసనాల నుంచి దిగి వచ్చి, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు మీద ఎవరైనా చేయవచ్చు. మైదానాలను రెవెన్యూ రికార్డుల్లో ఆటస్థలాలుగానే నమోదు చేయించే పూచీ కలెక్టర్లది.

అధికారులు చేసేదాకా కూర్చుంటే ఏమవుతుందో మనకు అనుభవమే. 1960ల్లో కాలేజీ జట్టుకు ఆడినవాళ్లకు ఇప్పుడు ఎనభై ఏళ్లు. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్న తాతలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఈ సంక్రాంతికి ఇంటికొచ్చే పిల్లలు వాళ్ల దగ్గర ఒక గంట కూర్చోండి. ట్రంకుపెట్టె అడుగున ఉన్న గ్రూపు ఫొటో తీయించి, వెనుక వరుసలో ఎవరెవరున్నారో పెన్సిలుతో పేర్లు రాయించండి.